స్థానిక జనాభా గణాంకాలు: జనగణన సమాధానాల నుంచి పంచాయతీ పట్టిక వరకు

జనగణనలో ప్రతి ఇంటి నుంచీ సేకరించిన సమాధానాలను సరిచూసి, కోడ్లుగా మార్చి, ఊరి వారీగా, వార్డు వారీగా కూడి, గ్రామ పంచాయతీలు, పురపాలక సంఘాలు, జిల్లా పరిషత్తులు వాడుకోగల పట్టికలుగా తయారు చేసే ప్రక్రియే స్థానిక జనాభా గణాంకాల రూపకల్పన. భారతదేశంలో ఈ పని కేంద్ర హోం మంత్రిత్వ శాఖ కింద ఉన్న రిజిస్ట్రార్ జనరల్, జనగణన కమిషనర్ కార్యాలయం చేస్తుంది. రాష్ట్రాల్లో దాని తరఫున జనగణన డైరెక్టరేట్లు పనిచేస్తాయి. ఈ వ్యాసం ప్రధానంగా 2011 జనగణనను ఆధారంగా తీసుకుని భారతదేశ పద్ధతిని వివరిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ప్రత్యేకంగా వర్తించే విషయాలను ఆయా శీర్షికల కింద చూడవచ్చు.

నిర్వచనం, పరిభాష

జనగణన అంటే ఒక దేశంలోని వ్యక్తులందరి వివరాలనూ ఒక నిర్ణీత సమయానికి సంబంధించి సేకరించి, కూర్చి, ప్రకటించడం. వాడుకలో దీన్ని జనాభా లెక్కలు అంటారు. స్థానిక గణాంకం కావాలంటే ప్రతి సమాధానానికీ మూడు విషయాలు తెలిసి ఉండాలి. అది ఎవరి గురించి, ఏ సమయానికి, ఏ చోటికి చెందినది అన్నవే ఆ మూడు. జాతీయ మొత్తానికి మొదటి రెండూ చాలు. ఊరి లెక్కకు మూడోది తప్పనిసరి. ఒక కుటుంబాన్ని పక్క ఊళ్లో రాస్తే దేశ జనాభా మారదు కానీ రెండు ఊళ్ల లెక్కలూ తప్పుతాయి.

గణన బ్లాకు: ఒక గణకుడికి అప్పగించే ప్రాంతం. 2011లో ఒక్కో బ్లాకులో సుమారు 125 నుంచి 150 కుటుంబాలు ఉండేలా విభజించారు.

కుటుంబం: సాధారణంగా కలిసి నివసిస్తూ ఒకే వంటగదిలో భోజనం చేసేవారు. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వేరుగా వెలిగితే రెండు కుటుంబాలు. హాస్టళ్లు, ఆశ్రమాలు, జైళ్ల వంటివి సంస్థాగత కుటుంబాలు.

రెవెన్యూ గ్రామం: సొంత సరిహద్దులు, భూమి రికార్డులు ఉన్న గ్రామం. జనగణనలో గ్రామం అంటే ఇదే. శివారు పల్లెలు, తండాలు, గూడేలు అవి ఉన్న రెవెన్యూ గ్రామం లెక్కలోనే చేరతాయి.

చట్టబద్ధ పట్టణం: కార్పొరేషన్, పురపాలక సంఘం, నగర పంచాయతీ, కంటోన్మెంట్ వంటి హోదా చట్టప్రకారం ఉన్న ఊరు.

జనగణన పట్టణం: పాలనపరంగా పంచాయతీయే అయినా లక్షణాల్లో పట్టణంగా ఉన్న ఊరు. జనాభా కనీసం 5,000 ఉండాలి. మగ ప్రధాన పనివారిలో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. చదరపు కిలోమీటరుకు జనసాంద్రత కనీసం 400 ఉండాలి.

చరిత్ర

భారతదేశంలో ఆధునిక జనగణన 1872 నాటిదని చెబుతారు. అప్పట్లో ఒక్కో ప్రాంతంలో ఒక్కో సమయంలో లెక్క జరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో జరిగిన గణన నివేదికను డబ్ల్యు. ఆర్. కార్నిష్ రూపొందించారు. దేశమంతటా ఒకేసారి జరిగిన మొదటి గణన 1881 నాటిది. నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానం కూడా అందులో పాల్గొంది. అప్పటి నుంచి 2011 వరకు పదేళ్లకోసారి గణన తప్పకుండా జరిగింది.

1931 వరకు ఒకే రాత్రి గణన పద్ధతి ఉండేది. ఆ రాత్రి ఎవరు ఎక్కడ ఉంటే అక్కడే వారిని లెక్కించేవారు. జాతరకు వెళ్లినవారు, ప్రయాణంలో ఉన్నవారు సొంత ఊరి లెక్కలోకి రాకపోవడం స్థానిక అంకెలకు ఇబ్బందిగా ఉండేది. 1941 నుంచి కొన్ని వారాల పాటు ఇంటింటికీ తిరిగి, సాధారణంగా నివసించే చోట లెక్కించే పద్ధతి వచ్చింది.

స్వాతంత్ర్యానంతరం మొదటి జనగణన 1951లో జరిగింది. జిల్లా స్థాయి గణాంకాలను ఒకేచోట అందించే జిల్లా జనగణన దర్శిని కూడా అప్పుడే మొదలైంది. అశోక్ మిత్రా ఆధ్వర్యంలో 1961లో జరిగిన జనగణన పట్టణానికి పై మూడు ప్రమాణాల నిర్వచనాన్ని స్థిరపరిచింది. అదే కాలంలో ఎంపిక చేసిన గ్రామాలపై విడి అధ్యయనాలు వెలువడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని జనగణన సూపరింటెండెంట్ ఎ. చంద్రశేఖర్ పర్యవేక్షణలో జరిగింది. 1981లో ప్రధాన, ఉపాంత పనివారు అన్న విభజన వచ్చింది. 1991 నుంచి అక్షరాస్యతను ఏడేళ్లు, ఆపై వయసు వారికే లెక్కిస్తున్నారు.

పట్టికల తయారీ చాలాకాలం చేతిపని. ప్రతి వ్యక్తి వివరాలనూ చీటీ మీదికి ఎక్కించి, చీటీలను గూళ్లలో వేరు చేసి లెక్కపెట్టేవారు. కంప్యూటర్లు వచ్చాక కూడా కొన్ని వివరమైన పట్టికలకు నమూనా చీటీల మీదే ఆధారపడ్డారు. 2001లో ఫారాలను స్కాన్ చేసి, చేతిరాత అంకెలను యంత్రమే గుర్తించే పద్ధతి ప్రవేశపెట్టారు. దాంతో చిన్న ఊళ్లకు కూడా పూర్తి లెక్క మీద ఆధారపడిన వివరమైన పట్టికలు ఇవ్వడం సాధ్యమైంది.

చట్టపరమైన పునాది

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 69వ అంశం జనగణన. దీన్ని 1948 జనగణన చట్టం, 1990 జనగణన నియమాలు నడిపిస్తాయి. చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం అడిగిన ప్రశ్నలకు తెలిసినంతవరకు జవాబు చెప్పడం ప్రతి వ్యక్తి చట్టబద్ధ బాధ్యత. 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తుల రికార్డులను ఎవరూ తనిఖీ చేయరాదు, సాధారణంగా కోర్టులో సాక్ష్యంగానూ వాడరాదు. ఆదేశించినప్పుడు స్థానిక సంస్థలు గణనకు తమ సిబ్బందిని ఇవ్వాలని 4ఎ సెక్షన్ చెబుతుంది. అంటే స్థానిక సంస్థ గణాంకాలను వాడుకునేదే కాదు, వాటి తయారీలో భాగస్వామి కూడా.

1992లో ఆమోదం పొందిన 73వ, 74వ రాజ్యాంగ సవరణలు ఈ గణాంకాలకు చట్టబలం ఇచ్చాయి. పంచాయతీలకు సంబంధించి 243వ అధికరణం, పురపాలక సంఘాలకు సంబంధించి 243పి అధికరణం ‘జనాభా’ అన్న మాటను నిర్వచించాయి. అంకెలు ప్రచురితమైన చివరి జనగణనలో తేలిన జనాభా అని దాని అర్థం. అంచనాలు, ఇతర సర్వేల అంకెలు ఈ నిర్వచనంలోకి రావు.

సరిహద్దులు, కోడ్లు

గణనకు ముందు పాలనా సరిహద్దులను స్తంభింపజేస్తారు. 2011 జనగణనకు 2009 డిసెంబరు 31 నాటి సరిహద్దులే ప్రామాణికం. ఆ తేదీ తర్వాత గణన ముగిసేదాకా జిల్లాలు, మండలాలు, గ్రామాలు, పట్టణాల హద్దులను రాష్ట్రాలు మార్చకూడదు. లేకపోతే ఒక వీధి రెండుసార్లు లెక్కకు రావచ్చు, లేదా ఎవరి జాబితాలోనూ చేరకపోవచ్చు.

రాష్ట్రం, జిల్లా, ఉపజిల్లా, గ్రామం లేదా పట్టణం, వార్డు, గణన బ్లాకు అన్న వరుసలో ప్రతి ప్రాంతానికీ కోడు ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఉపజిల్లా అంటే మండలం. 2011లో ప్రతి గ్రామానికీ ఆరు అంకెల కోడు ఇచ్చారు. పంచాయతీలకు మాత్రం కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో వేరే కోడ్లు ఉన్నాయి. ఈ రెండు వరుసలనూ జతచేసుకోకపోతే పంచాయతీకి దాని జనాభా అందదు. ఒక పంచాయతీలో రెండు మూడు రెవెన్యూ గ్రామాలు ఉండవచ్చు. ఒకే రెవెన్యూ గ్రామం రెండు మూడు పంచాయతీలుగానూ ఉండవచ్చు. ఊళ్ల పేర్లు కూడా ఆధారం కావు. రామాపురం, కొత్తపల్లి వంటి పేర్లు ఎన్నో మండలాల్లో కనిపిస్తాయి.

సమాధానాల సేకరణ

2011 జనగణన రెండు దశల్లో జరిగింది. 2010 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య జరిగిన ఇళ్ల జాబితా దశలో 35 ప్రశ్నలు అడిగారు. గోడ, కప్పు, తాగునీరు, మరుగుదొడ్డి, దీపం, వంట ఇంధనం, ఇంట్లో ఉన్న వస్తువులు వంటివి ఇందులో ఉన్నాయి. 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగిన జనాభా గణన దశలో ప్రతి వ్యక్తి గురించీ 29 ప్రశ్నలు అడిగారు. ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. గణన క్షణం 2011 మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలు. మార్చి 1 నుంచి 5 వరకు గణకులు మళ్లీ ఇళ్లకు వెళ్లి, మధ్యలో జరిగిన జననాలు, మరణాలను సరిచేశారు.

దాదాపు 27 లక్షల మంది సిబ్బంది ఈ పనిలో పాల్గొన్నారు. గణకుల్లో ఎక్కువమంది ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు. సుమారు ఆరుగురు గణకులకు ఒక సూపర్‌వైజర్ ఉండేవారు. గ్రామీణ ప్రాంతాల్లో తహసీల్దారు, పట్టణాల్లో మునిసిపల్ కమిషనర్ చార్జి అధికారిగా వ్యవహరించారు. గణకుడు మొదట తన బ్లాకు పటాన్ని చేత్తో గీస్తాడు. వీధులు, గుడి, బడి, చెరువు, బావి గుర్తించి, ప్రతి భవనానికీ నంబరు వేస్తాడు. చుట్టుపక్కల బ్లాకులతో హద్దు ఎక్కడ కలుస్తుందో ఈ పటమే చూపుతుంది. ఊరి లెక్క సరిగా ఉండటం మొదట ఈ కాగితం మీద ఆధారపడి ఉంటుంది.

సమాధానాన్ని అంకెగా మార్చే దశలు

లెక్కల సరిపోలిక: గణకుడు తన బ్లాకులోని కుటుంబాలు, మగవారు, ఆడవారు, 0–6 ఏళ్ల పిల్లలు, అక్షరాస్యుల మొత్తాలను సంగ్రహ పత్రంలో రాస్తాడు. సూపర్‌వైజర్, చార్జి అధికారి వాటిని కూడుతూ పోతారు. తాత్కాలిక జనాభా అంకెలు ఈ పత్రాల నుంచే వస్తాయి. 2011లో వాటిని మార్చి 31న, అంటే గణన ముగిసిన నెలలోపే ప్రకటించారు.

స్కానింగ్, గుర్తింపు: ఫారాల చిత్రాలు తీసి, అంకెలను యంత్రం చదువుతుంది. స్పష్టంగా లేనివాటిని ఆపరేటర్ తెర మీద చూసి సరిచేస్తాడు. 2011 ఫారాలను 16 భాషల్లో ముద్రించారు.

కోడింగ్: మాటల్లో వచ్చిన సమాధానాలను ప్రామాణిక వర్గాల్లోకి చేర్చడం. వృత్తి, పరిశ్రమ, మాతృభాష, మతం, పుట్టిన చోటు, వలస కారణం వంటివి ఇందులోకి వస్తాయి. ఈ పని ఎంత విస్తృతమో మాతృభాష ప్రశ్న చూపుతుంది. 2011లో ప్రజలు చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. ఒకే భాషకు ఉన్న పలు పేర్లు, రాతలో తేడాలు, ఊరి పేర్లతో చెప్పిన భాషలు అన్నీ అందులో ఉన్నాయి. భాషావేత్తల పరిశీలన తర్వాత 1,369 మాతృభాషలు ఖరారయ్యాయి. 1,474 పేర్లను వర్గీకరించలేక ‘ఇతర’ కింద ఉంచారు. పదివేలు, ఆపై మాట్లాడేవారున్న మాతృభాషలను 121 భాషలుగా కూర్చారు. ఆ పట్టికలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8,11,27,740 మంది. హిందీ, బెంగాలీ, మరాఠీల తర్వాత తెలుగుది నాలుగో స్థానం.

సవరణ: ఒకదానికొకటి పొసగని సమాధానాలను నియమాల ప్రకారం సరిచేయడం. నాలుగేళ్ల పిల్లకు పెళ్లయినట్టు, తల్లికంటే కొడుకు వయసు ఎక్కువైనట్టు రాసి ఉంటే కంప్యూటర్ గుర్తిస్తుంది. చిత్రంతో పోల్చి, చదవడంలో వచ్చిన తప్పా, రాతలో జరిగిన తప్పా చూస్తారు. సమాధానమే లేని చోట కొన్ని దేశాలు పోలికలున్న మరో కుటుంబం నుంచి విలువ తీసుకుని నింపుతాయి. భారత వయసు పట్టికల్లో ‘వయసు చెప్పనివారు’ అన్న వరుసను విడిగా ప్రచురిస్తారు.

పట్టికీకరణ: సరిచూసిన వ్యక్తిగత రికార్డులను ప్రాంత కోడు ప్రకారం కూడతారు. బ్లాకుల మొత్తం గ్రామానికో, వార్డుకో, వాటి మొత్తం మండలానికో, పట్టణానికో, ఆ పైన జిల్లాకు, రాష్ట్రానికి సరిపోవాలి. ఒక్క కోడు తప్పినా మొత్తాల తేడా పై స్థాయిలో బయటపడుతుంది.

ప్రధాన ప్రచురణలు

ప్రాథమిక జనగణన సారాంశం: స్థానిక సంస్థలు ఎక్కువగా వాడే పట్టిక. ప్రతి గ్రామానికీ, పట్టణ వార్డుకూ కుటుంబాల సంఖ్య, మొత్తం జనాభా, 0–6 ఏళ్ల పిల్లలు, షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, అక్షరాస్యులు, పనివారి వివరాలు స్త్రీ, పురుష విభజనతో ఇందులో ఉంటాయి. పనివారిని సాగుదారులు, వ్యవసాయ కూలీలు, గృహ పరిశ్రమ వారు, ఇతరులు అని నాలుగుగా విడదీస్తారు. ఏడాదిలో ఆరు నెలలు, అంతకుమించి పని చేసినవారు ప్రధాన పనివారు, అంతకు తక్కువైతే ఉపాంత పనివారు.

జిల్లా జనగణన దర్శిని: ఒక భాగంలో గ్రామ, పట్టణ వివరాల పట్టిక, రెండో భాగంలో గ్రామాల, వార్డుల వారీ సారాంశం ఉంటాయి. బడి, ఆసుపత్రి, రోడ్డు, బస్సు, తపాలా వంటి సౌకర్యాల వివరాలు ఇళ్ల నుంచి కాక గ్రామ, మండల స్థాయి కార్యాలయాల నుంచి వస్తాయి.

ఇళ్ల పట్టికలు: ఇళ్ల స్థితి, సౌకర్యాలు, ఆస్తుల వివరాలు. 2011లో దేశంలో 46.9 శాతం కుటుంబాలకే ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి ఉందని, 67.2 శాతం ఇళ్లలో విద్యుత్ దీపం ఉందని ఇవి తెలిపాయి.

అంశాల వారీ పట్టికలు: వయసు, వివాహం, విద్య, భాష, మతం, వృత్తి, వలస, సంతానం మీద వరుస పట్టికలు. వీటిలో చాలావాటిని జిల్లా స్థాయి వరకే, కొన్నింటిని పట్టణాల స్థాయి వరకు ఇస్తారు.

సూచికల లెక్కింపు

పట్టికలోని అంకె సాధారణంగా నేరుగా పోలికకు పనికిరాదు. దాన్ని నిష్పత్తిగా మార్చాలి. లింగ నిష్పత్తి అంటే వెయ్యిమంది పురుషులకు ఎంతమంది స్త్రీలన్నది. 2011లో దేశంలో ఇది 943, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 993.

అక్షరాస్యత రేటులో హారం ఏదన్నది ముఖ్యం. ఉదాహరణకు ఒక ఊరి జనాభా 2,400, అందులో 0–6 ఏళ్ల పిల్లలు 300, అక్షరాస్యులు 1,365 అనుకుందాం. పిల్లలను తీసేసిన 2,100 మందితో భాగిస్తే రేటు 65 శాతం. మొత్తం జనాభాతో భాగిస్తే సుమారు 57 శాతమే వస్తుంది. సారాంశ పట్టికలో పిల్లలు కూడా నిరక్షరాస్యుల వరుసలోనే ఉంటారు. అందువల్ల ఆ వరుసను నేరుగా వాడితే వయోజన విద్య అవసరాన్ని ఎక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది.

కచ్చితత్వం, తనిఖీ

గణనానంతర సర్వే: గణన ముగిశాక ఎంపిక చేసిన బ్లాకుల్లో వేరే సిబ్బంది స్వతంత్రంగా మళ్లీ లెక్కించి, రెండు జాబితాలనూ పేరుపేరునా పోలుస్తారు. ఈ పోలిక వెనుక ఉన్న తర్కం ఇది. ఒక ప్రాంతంలో జనగణన 950 మందిని, సర్వే 900 మందిని నమోదు చేశాయనుకుందాం. రెండింటిలోనూ ఉన్నవారు 855. సర్వేలో కనిపించిన 900 మందిలో 855 మందిని, అంటే 95 శాతాన్ని జనగణన పట్టుకుంది. రెండు లెక్కలూ స్వతంత్రమైతే అసలు జనాభా 950ని 0.95తో భాగించగా వచ్చే 1,000 అని అంచనా. జనన, మరణాల నమోదు ఎంత పూర్తిగా ఉందో కొలవడానికి భారత జనాభా శాస్త్రవేత్త సి. చంద్రశేఖరన్, డబ్ల్యు. ఎడ్వర్డ్స్ డెమింగ్ 1949లో ప్రతిపాదించిన పద్ధతి ఇదే తర్కంపై నిలిచింది. 2011 గణనలో నికరంగా వెయ్యికి 23 మంది లెక్కలోకి రాలేదని సర్వే తేల్చింది. భారతదేశంలో ఈ ఫలితాన్ని నాణ్యత కొలతగానే ప్రకటిస్తారు. ఊళ్ల అంకెలను దాని ప్రకారం మార్చరు.

వయసు తప్పులు: పుట్టిన తేదీ తెలియనివారు నలభై, నలభై అయిదు, యాభై అంటూ గుండ్రటి అంకె చెబుతారు. దీన్ని విప్పుల్ సూచికతో కొలుస్తారు. 23 నుంచి 62 ఏళ్ల వారిలో సున్నాతో, అయిదుతో ముగిసే వయసుల వారు ఎంతమంది అన్నది దీనికి ఆధారం. అటువంటి మొగ్గు అసలు లేకపోతే సూచిక 100, అందరూ ఆ అంకెలే చెబితే 500. అందుకే ఒక్కో ఏడాది వయసుకు బదులు అయిదేళ్ల వర్గాలను వాడటం క్షేమం.

గోప్యత

ప్రాంతం చిన్నదయ్యే కొద్దీ మనుషులను గుర్తుపట్టడం తేలిక. ఊళ్లో ఒకే ఒక్క కుటుంబం ఒక మతానికి చెందినదైతే, ఆ పట్టిక ఆ ఇంటి వివరమే అవుతుంది. కాబట్టి గ్రామ, వార్డు స్థాయిలో పరిమితమైన అంశాలనే ప్రకటించి, సున్నితమైన, వివరమైన అంశాలను పై స్థాయికి ఉంచుతారు. స్థానిక సంస్థకు అందేవి మొత్తాలే. ఏ ఇల్లు ఏం చెప్పిందో పంచాయతీకిగానీ, పన్నుల శాఖకుగానీ, పోలీసులకుగానీ ఇవ్వరు. ఈ హామీ మీద నమ్మకం ఉంటేనే తలుపు తీసినవారు నిజం చెబుతారు. జనగణనను పథకాల లబ్ధిదారుల జాబితాలతో, జాతీయ జనాభా రిజిస్టరుతో కలిపి చూడకూడదు. వాటి చట్టాలు, ఉద్దేశాలు వేరు.

సరిహద్దులు మారినప్పుడు

గణన తర్వాత పాలనా విభాగాలు మారితే పాత అంకెలను కొత్త హద్దుల్లో మళ్లీ కూడాలి. ఇందుకు ఆంధ్రప్రదేశ్ విభజన స్పష్టమైన ఉదాహరణ. 2011లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8,45,80,777. పది జిల్లాల తెలంగాణ వాటా 3,51,93,978, మిగిలిన పదమూడు జిల్లాలది 4,93,86,799. అయితే పోలవరం ప్రాజెక్టు దృష్ట్యా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను, వాటిలో కొన్నింటిని పాక్షికంగా, 2014లో చట్ట సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. దాంతో తెలంగాణ జనాభా 3,50,03,674గా, ఆంధ్రప్రదేశ్ జనాభా 4,95,77,103గా మారింది. 1,90,304 మంది ఒక వరుస నుంచి మరో వరుసకు మారారు. మొత్తం మాత్రం మారలేదు. మళ్లీ ఇంటింటికీ వెళ్లకుండానే ఇది సాధ్యమైంది. ప్రతి ఊరికీ విడి అంకె ఉండటమే అందుకు కారణం.

తెలంగాణలో జిల్లాలు 2016 అక్టోబరులో 31కి, 2019 ఫిబ్రవరిలో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్త జిల్లాలకు 2011 జనాభాను గ్రామాల అంకెలు కూడి రూపొందించారు. గ్రామం లోపల గీత పడినప్పుడు ఈ పద్ధతి చాలదు. తెలంగాణలో 2018లో ఎన్నో తండాలు, గూడేలు పంచాయతీలైనప్పుడు పంచాయతీల సంఖ్య 12 వేలు దాటింది. ఆ తండాలకు జనగణనలో విడి అంకె లేదు, మాతృ గ్రామం అంకెలోనే కలిసి ఉంది. అటువంటి చోట బ్లాకు స్థాయి రికార్డులో, స్థానిక జాబితాలో చూసి విడదీయాలి.

ఒకే పేరుకు పలు హద్దులు ఉండటం మరో చిక్కు. 2011లో హైదరాబాద్ జిల్లా జనాభా 39,43,323. గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ పరిధిలో సుమారు 67 లక్షలు. చుట్టుపక్కల పట్టణాలు కలిసిన నగర సముదాయంలో సుమారు 77 లక్షలు. మూడూ సరైనవే. ఏ హద్దుకు ఏ అంకె అన్నది చెప్పకపోతే తలసరి నీటి లెక్క దాదాపు రెండింతలు తేడా రావచ్చు.

రెండు గణనల మధ్య అంచనాలు

గత రెండు గణనల వృద్ధి ఆధారంగా మధ్య సంవత్సరాల జనాభాను అంచనా వేస్తారు. ఒక పట్టణంలో 2001లో 40,000, 2011లో 50,000 మంది ఉన్నారనుకుందాం. ఏటా ఒకే సంఖ్య పెరుగుతుందనుకుంటే 2016 అంచనా 55,000. ఏటా ఒకే శాతం పెరుగుతుందనుకుంటే సుమారు 55,900. చిన్న కాలానికి తేడా స్వల్పమే, కాలం పెరిగే కొద్దీ విస్తరిస్తుంది. రాష్ట్రాల స్థాయిలో జననాలు, మరణాలు, వలసలను విడివిడిగా లెక్కించే పద్ధతి వాడతారు. జాతీయ జనాభా కమిషన్ సాంకేతిక బృందం 2011–2036 కాలానికి ఇటువంటి అంచనాలు వెలువరించింది. మండలానికి, ఊరికి అంత నమ్మకమైన వలస సమాచారం ఉండదు కాబట్టి, పై స్థాయి అంచనాను పాత వాటాల ప్రకారం పంచడం ఎక్కువగా కనిపిస్తుంది.

రాష్ట్రాలు సొంత సర్వేలూ చేస్తాయి. తెలంగాణ 2014 ఆగస్టు 19న ఒకే రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. వీటి నిర్వచనాలు, తేదీలు, చట్టపరమైన స్థానం జనగణనతో సమానం కావు.

స్థానిక సంస్థల వినియోగం

ప్రాతినిధ్యం: 243డి అధికరణం ప్రకారం పంచాయతీల్లో షెడ్యూల్డు కులాలు, తెగల సీట్ల వాటా వారి జనాభా నిష్పత్తిని అనుసరిస్తుంది. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పురపాలక సంస్థల్లో వార్డు కమిటీలు ఉండాలి. పది లక్షలు, ఆపై జనాభా ఉన్న ప్రాంతమే మహానగర ప్రాంతం అనిపించుకుంటుంది.

నిధులు: 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక ప్రభుత్వాలకు 4,36,361 కోట్ల రూపాయల గ్రాంట్లు సిఫార్సు చేసింది. రాష్ట్రాల మధ్య పంపిణీలో 2011 జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చింది.

సేవల ప్రమాణాలు: మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఆరోగ్య ఉపకేంద్రం, 30,000కు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లో ఇవి 3,000, 20,000. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన తొలి దశలో మైదాన ప్రాంతంలో 2001 లెక్కల ప్రకారం 500 మంది, ఆపై ఉన్న ఆవాసం రోడ్డుకు అర్హంగా ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన గ్రామ సచివాలయాలకు సుమారు 2,000 జనాభాను కొలమానంగా తీసుకున్నారు.

ప్రణాళిక: 0–6 ఏళ్ల పిల్లల సంఖ్య అంగన్‌వాడీకి, వ్యవసాయ కూలీల సంఖ్య ఉపాధి పనులకు, తాగునీటి పట్టిక పైపులైన్లకు తొలి ఆధారం.

ఇతర దేశాల పద్ధతులు

ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 మార్చి 21న జరిగిన గణనలో 97 శాతం కుటుంబాలు స్పందించాయి. అక్కడ గణనానంతర సర్వే ఆధారంగా లెక్కకు రానివారిని అంచనా వేసి, ప్రతి స్థానిక సంస్థ అంకెలోనూ కలుపుతారు. గోప్యత కోసం కొన్ని రికార్డుల చోట్లు మార్చి, పట్టికల అంకెల్లో స్వల్ప మార్పులు చేస్తారు. అమెరికా 2020లో అంకెలకు గణిత నియమం ప్రకారం యాదృచ్ఛిక మార్పులు జోడించింది. డెన్మార్క్, ఫిన్లాండ్ వంటి దేశాలు ఇంటింటికీ వెళ్లకుండా జనాభా రిజిస్టర్ల నుంచే లెక్క తీస్తాయి.

పరిమితులు

పదేళ్లకోసారి వచ్చే అంకె వేగంగా పెరిగే పట్టణాలకు త్వరగా పాతబడుతుంది. పాలమూరు ప్రాంతం నుంచి, ఉత్తరాంధ్ర నుంచి పనులకు వెళ్లి వచ్చేవారి వంటి కాలానుగుణ వలసదారులు గణన నెలలో ఎక్కడ ఉన్నారన్న దాన్నిబట్టి రెండు చోట్ల అంకెలూ ప్రభావితమవుతాయి. ఆడవారు పొలంలో, ఇంట్లో చేసే పనిని పని కింద చెప్పకపోవడం వల్ల పనివారి లెక్క తగ్గుతుంది. 2001లో 1,362 ఉన్న జనగణన పట్టణాలు 2011లో 3,894కు పెరిగినా, వాటి పాలన పంచాయతీలుగానే సాగింది. లక్షణానికీ హోదాకూ మధ్య ఉన్న ఈ ఎడం వాటి పారిశుద్ధ్య, తాగునీటి ప్రణాళికల్లో కనిపిస్తుంది.

2027 జనగణన

2021లో జరగవలసిన గణన కోవిడ్ కారణంగా వాయిదా పడింది. 2025 జూన్ 16న వెలువడిన నోటిఫికేషన్ 2027 మార్చి 1ని గణన తేదీగా నిర్ణయించింది. లద్దాఖ్‌తో పాటు జమ్మూకశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలోని మంచు ప్రాంతాలకు అది 2026 అక్టోబరు 1. డిజిటల్ పద్ధతిలో సేకరణ, కుటుంబాలు స్వయంగా వివరాలు నమోదు చేసుకునే వీలు, అన్ని కులాల వివరాల సేకరణ ఇందులో కొత్త అంశాలు. 1931 తర్వాత అన్ని కులాల గణాంకాలను పూర్తిగా ప్రచురించిన జనగణన లేదు. డిజిటల్ సేకరణలో స్కానింగ్ దశ తప్పుతుంది. కోడింగ్, సవరణ, సరిహద్దుల పని మాత్రం యథాతథంగా ఉంటుంది.

ప్రాముఖ్యం

పదేళ్ల పాటు ఒక ఊరికి వచ్చే సీట్లు, గ్రాంట్లు, ఆరోగ్య కేంద్రం, రోడ్డు ఆ ఊరి పేరుకు ఎదురుగా ఉన్న ఒక్క వరుస మీద ఆధారపడతాయి. ఆ వరుస ఉపాధ్యాయుడు గీసిన పటంతో మొదలై, కోడు, సవరణ, కూడిక దాటి వస్తుంది. లెక్కలోకి రాని వెయ్యికి 23 మంది దేశమంతటా సమానంగా పరచుకుని ఉండరు. ఊరి చివరి గుడిసెల్లో, ఇటుక బట్టీల్లో, ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవారికే తప్పిపోయే అవకాశం ఎక్కువ. వారి పేరు బ్లాకు జాబితాలో చేరితేనే, వారున్న చోటికి నీళ్ల గొట్టం, అంగన్‌వాడీ వేయాలన్న లెక్క పంచాయతీ తీర్మానంలోకి వస్తుంది.